గ్యోంగ్జుకు మూడు రోజులు

దక్షిణ కొరియా చూడాలనుకునే మనవాళ్ల జాబితాలో ముందు సియోల్, తర్వాత బుసాన్, కుదిరితే జేజు దీవి ఉంటాయి. గ్యోంగ్జు ఉన్నా, బుసాన్ నుంచి పొద్దున్నే వెళ్లి చీకటి పడేలోగా తిరిగొచ్చే ఊరిగానే ఉంటుంది. క్రీ.పూ. 57లో మొదలైందని సంప్రదాయం చెప్పే సిల్లా రాజ్యం క్రీ.శ. 935 దాకా ఈ ఊరినే రాజధానిగా చేసుకుంది. దాదాపు వెయ్యేళ్ల రాజధానికి ఒక్క పూట కేటాయించడం అన్యాయం. మూడు రోజులు పెట్టుకోవాలి.

ముందుగా చూడాల్సింది మ్యూజియం. ఈ ఊరి ఘనతలో చాలా భాగం ఇప్పుడు నేల మీద లేదు. హ్వాంగ్న్యోంగ్సా ఆలయంలోని తొమ్మిది అంతస్తుల కొయ్య గోపురాన్ని 1238లో మంగోలులు తగలబెట్టారు. ఆ ఆవరణలో ఇప్పుడు కనిపించేవి పునాది రాళ్లే. గ్యోంగ్జు జాతీయ మ్యూజియంలో బంగారు కిరీటాలనూ, 771లో పోతపోసిన పద్దెనిమిదిన్నర టన్నులకు పైబడిన సొంగ్దొక్ రాజు కంచు గంటనూ చూసి వస్తే, ఆ ఖాళీ మైదానాలు మాట్లాడటం మొదలుపెడతాయి.

ఊరి నడిమధ్యన పచ్చిక కప్పుకున్న గుట్టలన్నీ సిల్లా రాజుల, కులీనుల సమాధులే. 1973లో అందులో ఒకదాన్ని తవ్వితే బంగారు కిరీటంతోపాటు, గుర్రపు జీను కింద వేలాడే బర్చ్ చెట్టు బెరడు పలక మీద ఎగిరే గుర్రం బొమ్మ బయటపడింది. చొన్మాచొంగ్ అనే ఆ సమాధి లోపలికి సందర్శకులు వెళ్లవచ్చు. అక్కడి నుంచి ఏడో శతాబ్దపు చొమ్సొంగ్దే రాతి బురుజుకూ, వొల్జి కొలనుకూ నడిచే పోవచ్చు. దీపాల వెలుగులో కొలను చూడాలంటే రాత్రి ఊళ్లోనే ఉండాలి.

వొల్జి దగ్గర తొందరపడకూడదు. 674లో మున్ము రాజు తవ్వించిన కొలను ఇది. 1975లో నీళ్లు తోడి తవ్వకాలు జరిపితే బురదలోంచి వేల కొద్దీ వస్తువులు దొరికాయి. వాటిలో పద్నాలుగు ముఖాల కొయ్య పాచిక ఒకటి. ఒక్కో ముఖం మీద విందులో చేయాల్సిన పని రాసి ఉంది: మూడు గిన్నెలు ఒకేసారి తాగాలి, పాట లేకుండా నాట్యం చేయాలి, ఇలాంటివి. తడి ఆరబెట్టే ప్రయత్నంలో అసలు పాచిక కాలిపోయింది. ఇప్పుడు ఉన్నవి నకళ్లే. కిరీటాలు రాజుల వైభవాన్ని చెబితే, ఈ పాచిక వాళ్ల నవ్వులను వినిపిస్తుంది. సిల్లా మనుషులు దగ్గరయ్యేది ఇక్కడే.

రెండో రోజు కొండకు. బుల్గుక్సా ఆలయాన్నీ, పైనున్న సొక్కురం గుహాలయాన్నీ 751 ప్రాంతంలో మంత్రి కిమ్ దేసొంగ్ మొదలుపెట్టాడు. కింది ఆలయం ఈ జన్మ తల్లిదండ్రుల కోసం, గుహాలయం పూర్వజన్మ తల్లిదండ్రుల కోసమని ‘సంగుక్ యుసా’ గ్రంథం చెబుతుంది. సొక్కురం కొండను తొలిచిన గుహ కాదు. గ్రానైట్ పలకలు పేర్చి గోపురం కట్టి, పైన మట్టి కప్పారు. బుద్ధుడి చుట్టూ చెక్కిన మూర్తుల్లో మన బ్రహ్మ, ఇంద్రుడు కూడా ఉన్నారు. జపాన్ పాలనలో సిమెంటుతో చేసిన మరమ్మతుల తర్వాత లోపల చెమ్మ పెరిగింది. అందుకే ఇప్పుడు అద్దం వెనక నుంచే చూడాలి, ఫొటోలు తీయనివ్వరు. లోపల ఏమేమి ఉన్నాయో ముందే చదువుకుని వెళ్తే ఆ కొద్ది నిమిషాలు వృథా కావు.

తెలుగువాళ్లు ఇంకో పేరు కూడా గుర్తుపెట్టుకుని వెళ్లాలి. హ్యేచో అనే సిల్లా భిక్షువు 720లలో భారతదేశమంతా తిరిగాడు. దక్షిణ దేశపు కొండల్లో, నాగార్జునుడి ఆజ్ఞతో యక్షులు కట్టారని చెప్పుకునే పెద్ద విహారం ఉందని రాశాడు. అది కచ్చితంగా ఎక్కడన్నది తేలకపోయినా, నాగార్జునుడి పేరు వినగానే శ్రీపర్వతం మెదలని తెలుగువాడు ఉండడు. హ్యేచో యాత్రాగ్రంథం ప్రతి 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో ఫ్రెంచ్ పండితుడు పాల్ పెలియోకు దొరికింది. ఇప్పుడు పారిస్‌లో ఉంది. హ్యేచో సొంత దేశానికి తిరిగి వెళ్లిన ఆధారం లేదు. ఆయన చైనాలో ఉండగానే ఇక్కడ బుల్గుక్సా పనులు మొదలయ్యాయి.

మూడో రోజు తూర్పు తీరానికి. చనిపోయాక డ్రాగన్‌గా మారి దేశాన్ని కాస్తానన్న మున్ము రాజు సమాధి అని చెప్పే రాళ్లు సముద్రంలో, ఒడ్డుకు దగ్గరలోనే కనిపిస్తాయి. దారిలో గమున్సా ఆలయపు జంట రాతి గోపురాలున్నాయి. అటు వెళ్లే బస్సులు తక్కువ. వేళలు ముందే చూసుకోవాలి.

సియోల్ నుంచి కేటీఎక్స్ రైలులో సుమారు రెండు గంటలు. స్టేషన్ ఊరికి దూరంగా ఉంది, దిగాక బస్సు ఎక్కాలి. ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలు పూస్తాయి, జనం కూడా అప్పుడే ఎక్కువ. శాకాహారులు వంటల పులుసు సంగతీ అడగాలి, కిమ్చీలో కూడా చేపల రసం కలుపుతారు. చుసోక్ పండుగ రోజుల్లో కొరియా అంతా సొంతూళ్లకు కదులుతుంది, రైలు టికెట్లు దొరకడం కష్టం. తేదీలు ఖరారు చేసేముందు ఆ ఏడు చుసోక్ ఎప్పుడొచ్చిందో చూసుకోవడం మంచిది.