అమ్మ చీరల బొంత

నాలుగు పార్టీలు కలిసి గద్దెనెక్కితే 'అతుకుల బొంత ప్రభుత్వం' అంటారు. సినిమా కథకి తలాతోకా కుదరకపోతే 'అతుకుల బొంత' అని తీసిపారేస్తారు. అనడం తేలికే! ఒక్క బొంత కుట్టి చూస్తే తెలుస్తుంది... ఒకదానితో ఒకటి పొంతన లేని ముక్కల్ని ఏళ్లతరబడి విడిపోకుండా పట్టి ఉంచడం ఎంత పనో. ఆ పని తెలిసిన చేతులు ఎక్కడో మారుమూల కాదు, హైదరాబాద్‌కి కూతవేటు దూరంలోని మొయినాబాద్, చేవెళ్ల పల్లెల్లోనూ ఉన్నాయి.

మర్రిచెట్ల దారిలో...

మెహిదీపట్నం నుంచి బయల్దేరి అప్పా జంక్షన్ దాటితే బీజాపూర్ రోడ్డు. ఓ పక్క ఉస్మాన్‌సాగర్, మరో పక్క హిమాయత్‌సాగర్. 1908లో మూసీ ముంచెత్తాక, మళ్లీ అలాంటి ఉపద్రవం రాకుండా నిజాం ప్రభుత్వం కట్టించిన జలాశయాలివి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఆ రెంటి మధ్యా ఉంది మొయినాబాద్. ఇంకాస్త ముందుకెళితే చేవెళ్ల. రోడ్డుకి అటూ ఇటూ పెద్దపెద్ద మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేస్తారన్నప్పుడు చెట్లను కాపాడమంటూ జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు.

జలాశయాల్లోకి మురుగు చేరకూడదని 1996లో ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకి అడ్డుకట్ట పడింది. ఆ ఆంక్షల్ని షరతులతో సడలిస్తూ 2022లో 69 జీవో వచ్చింది. ఈలోగా నగరం ఊరుకుందా? పూలతోటల పక్కన ఫామ్‌హౌస్‌లు లేచాయి. కూరగాయల మళ్ల పక్కన రిసార్టులు, కాలేజీలు వచ్చాయి. ఎకరాల లెక్కన ఉన్న భూమి ముక్కలు ముక్కలై గజాల లెక్కలోకి దిగింది.

భూమి ముక్కలవుతున్న ఈ దారిలోనే, మెయిన్‌రోడ్డు దిగి ఊళ్లోకి వెళితే, ముక్కల్ని కలిపే పని కనిపిస్తుంది. ఎండ బాగా కాసే రోజున పిట్టగోడ మీదో, దండెం మీదో ఓ బొంత ఆరుతూ ఉంటుంది.

ఒక్కో ముక్కా ఒక్కో మనిషి

దూరం నుంచి చూస్తే రంగురంగుల గుడ్డ. దగ్గరికెళితే ఇంటి చరిత్ర! నారాయణపేట నూలు చీర అంచు, వెలిసిపోయిన లంగా ముక్క, గళ్ల లుంగీ, ఇంటాయన ధోతి, బడికెళ్లిన పిల్లాడి నీలిరంగు నిక్కరు... అన్నీ అందులోనే. చలికాలం రాత్రి మనవరాలిని పక్కలో వేసుకున్న నాయనమ్మ ''ఇగో, గీ తెల్లది మీ తాత ధోతి. గీ పూలది మీ మేనత్త పెండ్లప్పటి చీర'' అంటూ ఒక్కో ముక్కా చూపిస్తుంటే ఆ పిల్లకి ఎప్పుడూ చూడని తాతయ్య కూడా తెలిసిపోతాడు. ఫొటోల ఆల్బమ్ లేని ఇళ్లలో ఆల్బమ్ అదే.

బొంతల్లోనూ రకాలున్నాయి. నేలమీద పరుచుకునేది మందంగా, ఏడెనిమిది పొరలతో ఉంటుంది. కప్పుకునేది నాలుగైదు పొరలతో కాస్త పల్చగా ఉంటుంది. అన్నిటికన్నా ముద్దొచ్చేది పసిబిడ్డల బొంత. మూరెడు వెడల్పు, మూరన్నర పొడుగు. పుట్టిన బిడ్డ ఒంటికి కొత్తబట్ట గరుకుగా తగులుతుందని మెత్తబడ్డ పాత చీరలే పొత్తిళ్లకి వాడటం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ చీరలే నాలుగు పొరలుగా వేసి కుడితే బుజ్జి బొంత తయారు. కానుపు దగ్గరపడుతోందంటే అమ్మమ్మకి చేతినిండా పనే.

నేలే బల్ల... గులకరాళ్లే పిన్నులు

బొంత కుట్టడానికి ప్రత్యేకంగా గది అక్కర్లేదు. ఊడ్చిన వసారా చాలు. బల్ల నేలే. నాలుగు మూలలా గుడ్డ కదలకుండా నాలుగు గులకరాళ్లు. పక్కన పాత బిస్కెట్ల డబ్బా. పైన బొమ్మ బిస్కెట్లదే, మూత తీస్తే దబ్బనం, సూదులు, దారపు ఉండలు, తెగిన గుండీలు. బిస్కెట్లున్నాయనుకుని ఆశగా తెరిచి నిరాశపడని పిల్లలు మన ఇళ్లలో ఉండరేమో!

చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు. మధ్యకి మడిస్తే రెండు మీటర్ల ముప్పావు. ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఆ మడతే బొంతకి అడుగూ, పైభాగమూ. లోపల చిరిగిన బట్టల్ని విప్పి, గుండీలూ హుక్కులూ తీసేసి, ఎగుడుదిగుడు లేకుండా పరుస్తారు. చిరుగుల మీద అందమైన అతుకులు వేస్తారు. పొరలు జరగకుండా ముందు దూరం దూరంగా టాకాలు వేస్తారు. ఆ తర్వాత అసలు పని. అంచు దగ్గర మొదలుపెట్టి, సూదిని పైకీ కిందికీ పోనిస్తూ వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోవాలి. వరసకీ వరసకీ మధ్య వేలెడు ఎడం.

అంత దగ్గరగా ఎందుకంటే... దూరంగా కుడితే మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డలు ఉండకట్టి ఓ మూలకి చేరిపోతాయి. ఇక వెచ్చదనం రహస్యం గుడ్డ మందంలో మాత్రమే లేదు. పొరకీ పొరకీ మధ్య చిక్కుకున్న గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఫిజిక్సు పుస్తకం చదవకుండానే ఆ సంగతి కనిపెట్టారు మన అమ్మమ్మలు.

ఒక్కరే కుడితే వారాలు పట్టే పని ఇది. అందుకే ఎండాకాలం మధ్యాహ్నాలు, పొలం పనులు లేనప్పుడు, ఇరుగుపొరుగు వచ్చి నాలుగువైపులా కూర్చునేవారు. కబుర్లు, పాటలు, ఊళ్లో తగవులు అన్నీ ఆ కుట్లతోపాటే సాగేవి. ఈ రోజు నీ బొంత, రేపు నా బొంత. గుడ్డలిస్తే కూలికి కుట్టిపెట్టేవాళ్లు కూడా ఊరూరా తిరిగేవారు. వానలు పడేలోపు అయిపోవాలి. తడిస్తే బొంత ఆరదు మరి!

దూదీ లేదు... ఉన్నీ లేదు

పడకకి సంబంధించిన పనుల్లో మగవాళ్ల చేతి వృత్తులూ ఉన్నాయి. దూదేకులవారు వింటితో పత్తిని ఏకి పరుపులూ దిండ్లూ కుట్టేవారు. కురుమలు గొర్రె ఉన్నితో గొంగడి నేసేవారు. గొంగడి కాపరితోపాటు అడవికీ వానకీ వెళ్లేది. ఆ రెంటికీ ధర ఉంది, అమ్మేవారున్నారు, కొనేవారున్నారు. బొంతకి అలాంటిదేమీ లేదు. దూది కొనలేని ఇంట్లో, ఉన్న గుడ్డలతోనే ఆడవాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. అంగట్లో పెట్టలేదు కాబట్టి ధర లేదు. ధర లేదు కాబట్టి విలువ లేదనుకున్నాం!

మన అద్దకం... వాళ్ల అతుకులు

విచిత్రమేమిటంటే ఇదే అతుకుల పని సముద్రాల అవతల కళ అయింది. ఇంగ్లండులో మిగిలి ఉన్న అతి పాత అతుకుల దుప్పట్లలో ఒకటి లెవెన్స్ హాల్ అనే భవంతిలో ఉంది. 1708 ప్రాంతంలో కుట్టారు. దానికి వాడిన గుడ్డ మన దేశం నుంచి ఓడలెక్కి వెళ్లిన పూల అద్దకం నూలు. ఆ రోజుల్లో అలాంటి అద్దకాలకి మచిలీపట్నం రేవు పెట్టింది పేరు. భారతదేశపు గుడ్డల మోజులో పడి తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని బ్రిటన్ 1721లో చట్టం చేసి మరీ అద్దకపు నూలు వాడకాన్ని నిషేధించింది. అలాంటి గుడ్డ చిన్న ముక్కయినా పారేయబుద్ధి కాలేదు అక్కడి ఆడవాళ్లకి.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా బతికినవారి సంతతి ఆడవాళ్లు చలికి తట్టుకోలేక పొలం బట్టలు, చిరిగిన జీన్సులు కలిపి దుప్పట్లు కుట్టుకున్నారు. 2002లో వాటిని న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలకి తగిలించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మన దేశంలోనూ బెంగాల్ కాంథా చీరల మీదికి ఎక్కి ఫ్యాషన్ అయింది. బీహార్ సుజనీకి 2006లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కర్ణాటకలోని సిద్దీలు కుట్టే 'కవంది' ప్రదర్శనలకి వెళ్తోంది. ఇదే బీజాపూర్ రోడ్డు మీద వెళ్లి పక్కకి తిరిగితే వచ్చే తాండూరు కందిపప్పుకీ 2022లో ఆ గుర్తింపు వచ్చింది. బొంతకి మాత్రం అలాంటి ముద్రేదీ లేదు. ఉన్నదల్లా ఆ వెక్కిరింపు మాటే.

స్టీలు గిన్నెకి పాత చీర

బొంతలు తగ్గిపోవడానికి కారణం బద్ధకం కాదు. మొదటి కారణం చీరే. రోజూ కట్టుకునే నూలు చీర పోయి పాలిస్టర్ చీర వచ్చింది. ఉతకడం సులువు, ఇస్త్రీ బాధ లేదు, ధరా తక్కువ. కానీ అది పాతబడితే మెత్తబడదు. చెమట పీల్చదు. పొరలు పొరలుగా వేస్తే జారిపోతుంది. నూలు చీర కట్టేకొద్దీ, ఉతికేకొద్దీ మెత్తనవుతుంది. పదేళ్లు కట్టిన చీరలోంచి సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఆ చీరే లేకపోతే బొంత ఎక్కణ్నుంచి వస్తుంది?

రెండో కారణం స్టీలు సామాన్లు. ''పాత బట్టలకి స్టీలు గిన్నెలూ...'' అన్న కేక వినిపిస్తే చాలు, బీరువా అడుగునున్న చీరలు మూటగట్టుకుని వీధిలోకి వెళ్లని ఇల్లాలు ఎవరు? నాలుగు చీరలకి ఓ గిన్నె. బొంత కావలసిన గుడ్డ అలా గడప దాటింది.

మూడోది తీరిక. పొలాలు పోయిన చోట ఎండాకాలం ఖాళీ కూడా పోయింది. పొద్దున్నే కాలేజీలోనో ఫామ్‌హౌస్‌లోనో పనికి వెళ్లి సాయంత్రం వచ్చే మనిషికి మధ్యాహ్నం వసారాలో కూర్చునే వీలెక్కడిది? బజార్లో మెత్తటి రగ్గు తక్కువ ధరకే దొరుకుతున్నప్పుడు వేళ్లకి పోట్లు ఎందుకనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే రగ్గులో వెచ్చదనం ఉంటుంది కానీ, తాత ధోతి ఉండదుగా!

వీసా దేవుడి ఊళ్లో బుజ్జి బొంత

మొయినాబాద్ మండలంలోనే ఉంది చిలుకూరు. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక తీరాక వచ్చి నూటెనిమిది చేయడం ఇక్కడి పద్ధతి. హుండీ లేని ఈ గుళ్లోని వేంకటేశ్వరుడికి 'వీసా బాలాజీ' అని పేరు. ఆయన దయతో విమానం ఎక్కిన కూతుళ్లకి కానుపు సమయం వస్తే అమ్మలూ విమానం ఎక్కుతారు. పెట్టెలో ఆవకాయ, కారప్పొడి, కాయం. వాటి మధ్య పచ్చళ్ల సీసాలు పగలకుండా మెత్తగా చుట్టి రెండు బుజ్జి బొంతలు.

అక్కడికెళ్లాక కూతురు స్నేహితురాళ్లు అవి చూసి ముచ్చటపడతారు. అమెరికాలో పసిబిడ్డకి క్విల్ట్ కుట్టి ఇవ్వడం గొప్ప కానుక. దానికి ఇళ్లలో ప్రత్యేకంగా ఓ గదే ఉంచుకునేవారున్నారు. గుడ్డ కోయడానికి పిజ్జా కట్టర్‌లా దొర్లే కత్తి, కొలతల గీతలున్న చాప, రంగుల వారీగా మడతపెట్టిన గుడ్డల అరలు! ఈ సరంజామా మన నగరాల్లోని కుట్టు ప్రియుల ఇళ్లలోకీ వచ్చింది. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి ఆనించిన ఇస్త్రీ బల్ల, కుట్టి ముగించిన కుషన్ కవర్లూ సంచులూ టేబుల్ గుడ్డలూ. పద్ధతి వేరు, పని మాత్రం వసారాలో అమ్మమ్మ చేసినదే.

అన్నట్టు ఓ జాగ్రత్త. ఏడాది నిండని పిల్లల పడకలో వదులుగా ఉండే దుప్పట్లు వద్దని పిల్లల వైద్యులు చెబుతున్నారు. బుజ్జి బొంతని నేలమీద పరిచి, పెద్దవాళ్లు పక్కనుండగా బిడ్డని ఆడించడానికి వాడుకుంటే మంచిది.

మీరూ కుట్టొచ్చు!

* అమ్మ, అత్తగారు, నాన్నగారు... అందరి పాత నూలు బట్టలు ఉతికి ఇస్త్రీ చేయండి. పాలిస్టర్ కలపొద్దు.

* అయిదు అంగుళాల చదరపు ముక్కలు 80 కోయండి. వరసకి 8 చొప్పున 10 వరసలు.

* పావు అంగుళం లోపలికి కుట్టు వేస్తూ కలపండి. ఒక్కో ముక్క నాలుగున్నర అంగుళాలవుతుంది. మొత్తం 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు వస్తుంది.

* అడుగున మెత్తటి లుంగీ, మధ్యలో రెండు పొరల పాత చీర, పైన అతికిన ముక్కలు. మధ్య నుంచి అంచులవైపు టాకాలు వేయండి.

* వేలెడు ఎడంతో వరసలు కుట్టండి. చివరగా చీర అంచుతో చుట్టూ పట్టీ వేస్తే సరి.

మొదటి బొంత వంకరగా వస్తే కంగారుపడొద్దు. నాలుగు ఉతుకులు పడ్డాక ఆ వంకరలు ఎవరికీ కనిపించవు. మొయినాబాద్ వైపు వెళ్లినప్పుడు ఏ పిట్టగోడ మీదైనా బొంత ఆరుతూ కనిపిస్తే ఆగి, ఆ ఇంటి పెద్దావిడని ఓ మాట అడగండి... ఏ ముక్క ఎవరిదని. ఈసారి స్టీలు గిన్నెలవాడి కేక వినిపించినప్పుడు మాత్రం, మూటలోంచి ఒక్క నూలు చీరైనా వెనక్కి తీసి దాచండి.