చిన్న బెల్టు

మేమిద్దరం అన్నదమ్ములం. మాలో ఒకడి చేతిలో పెన్ను, ఒకడి చేతిలో పానా. పెద్దవాడు బి.ఏ. చదివి తెలుగు పేపర్లో చేరాడు. చిన్నవాడు పదో తరగతితో ఆపి విజయవాడ ఆటోనగర్‌లో అబ్బా షెడ్డులో కుదురుకున్నాడు. రాస్తున్నది ఒక్కడే. మాట ఇద్దరిదీ. అందుకే మేము అంటున్నాం.

మెకానిక్ అంటే సాయిబే అని మా వైపు చాలామంది నమ్మకం. అందులో మెచ్చుకోలు ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో మాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నడిరోడ్డు మీద బండి ఆగితే మేము ఉస్తాదులం. ఇల్లు అద్దెకడిగితే మేము 'మీవాళ్లు'. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ముస్లింలు సర్కారీ కొలువుల్లో తక్కువ, సొంత పనుల్లో ఎక్కువ, ఆ పనుల్లో బండ్ల మరమ్మతు ఒకటి అని అందులో ఉంది. పెద్దవాడు ఆ సంగతి ఇంట్లో చదివి వినిపిస్తే అబ్బా నవ్వారు. "దీనికి ఢిల్లీ నుంచి రావాలా? నా గోళ్లు చూస్తే చాలదా?"

అబ్బా పోయిన మరుసటి ఏడాది షెడ్డుకి పాత మిత్సుబిషి పెట్రోలు బండి ఒకటి వచ్చింది. రిటైరైన మాస్టారిది. అబ్బా చేతి పని తప్ప ఇంకొకరి పని ఎరగని బండి. లోపలి బెల్టులు మార్చాలి. చిన్నవాడు రెండు రోజులు కూర్చుని అన్నీ కొత్తవి వేశాడు. స్టార్ట్ చేస్తే ఇంజను నడిచింది. కానీ వణికింది. స్టీరింగు పట్టుకుంటే మోచేతి దాకా జిల్లుమంది. వచ్చేటప్పుడు లేని జబ్బు మా చేతిలో వచ్చింది.

ఇక్కడ కాస్త ఇంజను సంగతి చెప్పాలి. నాలుగు సిలిండర్లు వరసగా ఉన్న ఇంజన్లో రెండు పిస్టన్లు పైకి వెళ్తుంటే రెండు కిందికి వస్తాయి. లెక్కకి ఒకదాని బరువు ఒకటి కొట్టేయాలి. కానీ కనెక్టింగ్ రాడ్డు పక్కకి వాలుతుంది కాబట్టి పిస్టను పై సగంలో కొంచెం వేగంగా, కింది సగంలో కొంచెం నెమ్మదిగా కదులుతుంది. ఆ తేడా వల్ల క్రాంకు ఒక్క చుట్టు తిరిగేలోపు రెండుసార్లు అదురు పుడుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. బరువు ఒక పక్కకి ఒరిగిన రెండు షాఫ్టులు పెట్టి, క్రాంకుకి రెట్టింపు వేగంతో ఒకదానికొకటి ఎదురుగా తిప్పితే ఆ అదురు చచ్చిపోతుంది. 1970లలో మిత్సుబిషి వాళ్లు దాన్ని మెరుగుపరిచి తమ బండ్లలో పెట్టారు.

ఈ ఇంజన్లో అలాంటి షాఫ్టులు రెండు పక్కలా రెండున్నాయి. ఒకదాన్ని తిప్పేది పెద్ద టైమింగ్ బెల్టు వెనక దాక్కున్న చిన్న బెల్టు. రెండో షాఫ్టు ఆయిల్ పంపు పళ్లతో తిరుగుతుంది. చిన్న బెల్టుని చేరాలంటే పెద్ద బెల్టు విప్పక తప్పదు. మొదటి సిలిండరుని పైకి తెచ్చి, గుర్తులన్నీ కలిపి, అప్పుడు విప్పాలి. కొత్త చిన్న బెల్టు వేశాక టెన్షనరు పుల్లీని వేలితో ఎత్తి పట్టుకుని బోల్టు బిగించాలి. బోల్టుతో పాటు పుల్లీ తిరిగితే బెల్టు మరీ బిగిసిపోతుంది. వేలితో నొక్కితే అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. చిన్నవాడు ఇవన్నీ తు.చ. తప్పకుండా చేశాడు. గుర్తులన్నీ కలిశాయి. అయినా ఇంజను వణుకుతోంది.

పక్క షెడ్డు మిత్రుడొచ్చి చూశాడు. "ఆ చిన్న బెల్టు కోసి పారేయండి భాయ్. అది లేకపోయినా బండి నడుస్తుంది. ఉంటేనే ప్రమాదం. తెగితే ముక్కలు పెద్ద బెల్టులో పడి వాల్వులు వంగిపోతాయి" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అలా తీసేసి నడిపేవాళ్లున్నారు. బండి నడుస్తుంది కూడా. వణుకుతూ నడుస్తుంది.

చిన్నవాడు పెద్దవాడికి ఫోన్ చేశాడు. "అబ్బా నోటుబుక్కు తీసుకురా. నాకు చదవడం రాదు కదా."

ఆ మాట మాకిద్దరికీ గుచ్చుకుంది.

అబ్బా 1987 నుంచి ఏడేళ్లు దమ్మామ్‌లో ఒక గరాజులో పనిచేశారు. ఈ ఇంజన్లు అక్కడే నేర్చుకున్నారు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు కూడా అక్కడే ఉన్నారు. మేము క్షేమమో కాదో తెలియక ఉత్తరం కోసం ఎదురుచూశారు. నేర్చుకున్న ప్రతి కిటుకూ ఒక నోటుబుక్కులో ఉర్దూలో రాసుకున్నారు. తెలుగు గలగలా మాట్లాడేవారు గానీ రాయడం రాదు. పెద్దవాడికి దాదీమా దగ్గర అలీఫ్ బే వచ్చాయి. చిన్నవాడి వంతు వచ్చేసరికి దాదీమా లేరు. వాడు వెళ్లాల్సిన బడిలో ఉర్దూ పంతులు లేరు. తెలుగు మీడియంలో వేశారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, అక్షరం గుర్తుపట్టడు. ఉర్దూ లేకపోయినా బతుకు నడుస్తుంది కదా అని అప్పుడు అందరం అనుకున్నాం.

పెద్దవాడు రాత్రి డ్యూటీ అయ్యాక నోటుబుక్కు పట్టుకుని షెడ్డుకి వెళ్లాడు. వాడికి ఉర్దూ చదవడం వచ్చు, షాఫ్టేదో పంపేదో తెలియదు. వాడు చదువుతుంటే చిన్నవాడు బల్బు పట్టుకుని వెతికాడు. గ్రీజు మరకల మధ్య నాలుగు లైన్లు దొరికాయి. ఆయిల్ పంపు చక్రం మీద గుర్తు కలిసినా లోపలి షాఫ్టు తలకిందులుగా ఉండొచ్చు. బ్లాకు పక్కన ఒక ప్లగ్గు ఉంటుంది, తియ్యి. ఎనిమిది మిల్లీమీటర్ల మందం స్క్రూడ్రైవరు దూర్చు. అరవై మిల్లీమీటర్లు పోతే సరి. ఇరవై, పాతిక దగ్గర తగిలి ఆగితే చక్రాన్ని ఇంకో చుట్టు తిప్పి మళ్లీ గుర్తు కలుపు.

చిన్నవాడు తల పట్టుకున్నాడు. "అబ్బా పక్కన పుల్ల పెట్టి ఏదో చూసేవారు. మడ్డి చూస్తున్నారనుకున్నా!"

ప్లగ్గు తీసి దూర్చాం. పాతిక దగ్గర ఆగింది.

పెద్ద బెల్టు మళ్లీ విప్పి, చక్రం ఒక చుట్టు తిప్పి, గుర్తు కలిపాం. ఈసారి స్క్రూడ్రైవరు నిండా దిగింది. అన్నీ బిగించేసరికి ఫజర్ అజాన్ వినిపించింది. అబ్బా చేసినట్టే ఇంజను మీద టీ గ్లాసు పెట్టి స్టార్ట్ చేశాం. టీ తొణకలేదు. మేము మాత్రం కాసేపు మాట్లాడలేకపోయాం.

పైన గుర్తులు కలిస్తే లోపల అంతా సరిగ్గా ఉన్నట్టే అనుకునే లోకం ఇది. "తురకోళ్లయి ఉండి ఇంత మంచి తెలుగెలా వచ్చింది?" అని ఆఫీసులో పెద్దవాణ్ని అడిగినవాళ్లున్నారు. "మీరు తెలుగువాళ్లయిపోయారు" అని ముషాయిరాలో మొహం చిట్లించినవాళ్లూ ఉన్నారు. ఎటువైపు నుంచి వచ్చినా సలహా ఒకటే. ఒకటి కోసి పారేయండి, బండి నడుస్తుంది. ఒక లిపి ఎడమ నుంచి కుడికి, ఒకటి కుడి నుంచి ఎడమకి. అవి ఎదురెదురుగా తిరగబట్టే మేము వణక్కుండా ఉన్నామని వాళ్లకెలా చెప్పాలి?

మాస్టారు బండి తీసుకెళ్తూ, "మీ నాన్నగారి చెయ్యి మీకొచ్చిందయ్యా" అన్నారు. నిజానికి ఆయన చెయ్యి ఒకడికొచ్చింది, రాత ఒకడికొచ్చింది. ఒక్కరికే రెండూ రావాలి. ఇప్పుడు శుక్రవారం జుమ్మా తరువాత షెడ్డు మూసి చిన్నవాడు, వాడి కొడుకు పెద్దవాడి ముందు పలకలు పట్టుకుని కూర్చుంటున్నారు. పెద్దవాడు ఆ నోటుబుక్కుని తెలుగులోకి రాస్తున్నాడు. ఇంజను అర్థం కానిచోట శిష్యుణ్నే అడుగుతున్నాడు.

ఇప్పటికి పదకొండు పేజీలు అయ్యాయి. ఇంకా చాలా ఉన్నాయి.