తొలివెలుగు ఎవరిది?

పక్షుల ఫోటోగ్రఫీ మీద ఏ పుస్తకం తెరిచినా మొదటి పాఠం ఒకటే. సూర్యోదయం తర్వాతి గంటా, సూర్యాస్తమయానికి ముందు గంటా. అప్పుడు వెలుతురు ఏటవాలుగా పడుతుంది. ఈకల పొరలు విడివిడిగా తెలుస్తాయి. పిట్ట కంట్లో చిన్న మెరుపు చుక్క నిలుస్తుంది. పొద్దెక్కితే నీడలు గట్టిపడతాయి, కొంగ వీపు మీది తెలుపంతా ఒకే ముద్దగా కాలిపోతుంది. ఇదంతా నిజమే. ఆ గంటకు చెరువుకట్ట మీద ఎవరుంటారన్నది మాత్రం ఆ పుస్తకాల్లో ఉండదు.

పరిశోధన పని మీద జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో తిరుగుతున్నప్పుడే నాకు కెమెరా అలవాటైంది. ఈ ఊళ్ళల్లో తెల్లవారుజాము కట్ట చాలాకాలంగా ఆడవాళ్ళది. మరుగుదొడ్డి లేని ఇళ్ళ ఆడవాళ్ళు చీకట్లో వచ్చి, వెలుగు రాకముందే తిరిగి వెళ్ళాలి. ఫోటోగ్రాఫర్ ఎదురుచూసే వెలుతురు వాళ్ళకు గడువు తీరిపోయిన వెలుతురు. 2014 తర్వాత చాలా ఇళ్ళకు మరుగుదొడ్లు వచ్చాయి. అయినా నీళ్ళు రాని రోజుల్లోనూ, ఆ గదిని కట్టెల కొట్టంగా వాడుకునే ఇళ్ళల్లోనూ కట్ట దారి మిగిలే ఉందని నేను వెళ్ళిన ఊళ్ళల్లో చూశాను. అటువంటి చోట మూడు కాళ్ళ స్టాండు మీద ఇంత పొడవు లెన్సు పెట్టి చెరువులోకి గురిచూసే మనిషిని వాళ్ళు ఏమనుకోవాలి?

బయ్యారం చెరువు దగ్గర ఒక పెద్దామె నన్ను సూటిగానే అడిగింది.

"ఏం ఫోటోలు తీస్తున్నవ్ బిడ్డా? మమ్ముల తీస్తున్నవా?"

పిట్టలనని చెప్పి తెర మీద బొమ్మలు చూపించాను.

"గింత పొద్దుగాల్ల పిట్టల కోసం ఒక్కదానివే వచ్చినవా? ఇంట్ల ఏమనరా?"

ఆమె అడిగిన రెండు ప్రశ్నలూ చూపు గురించినవే. మొదటిది నా చూపు గురించి, రెండోది నా మీద ఉండే చూపు గురించి. సుసాన్ సొంటాగ్ 1977లో ఫోటోగ్రఫీ మీద తెచ్చిన పుస్తకంలో కెమెరాకూ తుపాకీకీ ఉన్న చుట్టరికం చెప్పింది. ఇంగ్లీషులో రెండింటికీ క్రియ ఒకటే. ఆ పోలికను తరగతి గదిలో ఎన్నోసార్లు పాఠంగా చెప్పాను. అది పెద్దామె గొంతులో ఎదురైనప్పుడు సిద్ధాంతంలా అనిపించలేదు.

అన్నట్టు, ఆ చెరువును తవ్వించింది కూడా స్త్రీయే. కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలాంబ 13వ శతాబ్దం మొదట్లో ధర్మకీర్తి సముద్రం పేరుతో తవ్వించి, శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమం తేల్చడానికి చరిత్రకారులు ఆ శాసనం దగ్గరికే వెళ్ళారు. రాజుల పేర్లు ఏరుకోవడంలో తవ్వించిన మనిషి పేరు వెనక్కి జరిగింది.

ఆ ప్రశ్నల తర్వాత నేను కూర్చునే చోటు మారింది. ఆడవాళ్ళు వచ్చిపోయే వైపు ఎప్పుడూ నా వీపు వెనకే ఉండాలి. ఈ ఒక్క నియమంతో తరచూ సూర్యుడికి ఎదురుగా కూర్చోవాల్సి వస్తుంది. పుస్తకాలు సూర్యుణ్ణి వెనక పెట్టుకోమంటాయి. ఎదురు వెలుతురులో పిట్ట రంగులు పోతాయి, నిజమే. కాని ఈకల అంచున సన్నటి వెలుగు గీత వస్తుంది, తామరాకు లోపలి నుంచి వెలిగినట్టుంటుంది. మీటరు చెప్పినదానికి ఒక మెట్టు ఎక్కువిస్తే పిట్ట ఒళ్ళు కాస్త తేటపడుతుంది. తక్కువిస్తే నీడబొమ్మే మిగులుతుంది. నాకు ఆ నీడబొమ్మ మీదే మక్కువ. కట్ట మీంచి కిందికి చూస్తూ తీసిన పిట్ట ఎప్పుడూ అల్పంగానే కనిపిస్తుంది కనక నీటి అంచుదాకా దిగి, దాని కంటి ఎత్తుకు వంగుతాను. చీరతో ఇది కుదరదు. ప్యాంటు వేసుకుంటే ఊరంతా చూస్తుంది. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

తామరాకుల మీద పొడవాటి వేళ్ళతో నడిచే జకానాను నేను ఎక్కువగా తీస్తాను. ఈ పిట్టల్లో ఆడది పెద్దది. ఒకటికి మించిన మగవాటితో జతకడుతుంది. గుడ్లు పొదిగి పిల్లల్ని సాకేది మగది. ఆడా మగా ఒకే రంగులో ఉంటాయి కనక విడిగా తీస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. రెండింటినీ ఒకే దూరంలో, ఒకే ఫ్రేమ్‌లో పెడితేనే పరిమాణంలో తేడా తెలుస్తుంది. ఒక ప్రదర్శనలో, రెక్క కింద పిల్లల్ని దాచుకున్న జకానా బొమ్మకు 'మాతృమూర్తి' అని పేరు పెట్టారు. అది తండ్రి అని చెబితే నిర్వాహకులు నవ్వి, పేరు బాగుంది కదా మేడమ్, ఉండనివ్వండి అన్నారు.

మన సాహిత్యం మాత్రం తక్కువ తిన్నదా? ఆడగొంతును కోకిలతో పోల్చడం మనకు అలవాటు. వసంతంలో కూ అని పాడేది మగ కోయిల. అది నల్లగా నిగనిగలాడుతుంది. ఆడది గోధుమ రంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, పొడిపొడిగా కిక్ కిక్ మంటుంది. జనగామ దగ్గర ఒక వేపచెట్టులో ఆడ కోయిలను మూడు రోజులు వెతికాను. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలూ దాని ఒంటి చుక్కలూ కలిసిపోయి, కదిలితే తప్ప కనపడలేదు. నేపథ్యాన్ని మసకగా చేసి పిట్టను 'విడదీయడం' ఈ కళలో గొప్ప విద్య. ఆ బొమ్మలో నేను అలా విడదీయలేదు. చూసేవాళ్ళు కాసేపు వెతుక్కోవాలి.

భూపాలపల్లిలో వెలుతురే వేరు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ముతో పొద్దున్నే గాలి పసుపు పూసినట్టుంటుంది. ఆ పొర నీడల్ని మెత్తబరుస్తుంది, బొమ్మలు అందంగానే వస్తాయి. అది పీల్చే వాళ్ళ సంగతి తెలిసి ఆ అందాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు. చెల్పూరు వైపు వెళితే థర్మల్ కేంద్రం పొగగొట్టం ఫ్రేమ్‌లోకి వస్తుంది. తోటి ఫోటోగ్రాఫర్లు దాన్ని కత్తిరించేస్తారు. మొన్న తీగ మీద వాలిన పాలపిట్ట అటువైపే ఎగిరింది. కూర్చుంటే మట్టిరంగు, రెక్క విప్పితే నీలం. ఆ నీలం రంగుపదార్థం కాదు, ఈక నిర్మాణం మీద వెలుతురు చేసే పని. పిట్ట చూస్తున్న దిక్కున ఖాళీ వదలాలన్నది ఫ్రేమ్ కట్టడంలో పాత సూత్రం. వదిలాను. ఆ ఖాళీలో పొగగొట్టం నిలబడింది.