బాగేశ్వర్ తిరునాళ్ళలో ఒక వేరుముక్క

సంక్రాంతికి ఇల్లు వదిలి ఊళ్ళు తిరిగేవాళ్ళను మా అమ్మ మనుషుల్లో జమకట్టదు. అయినా మొన్నటి పండక్కి మా ఆవిడా నేనూ కుమావూ కొండల్లోని బాగేశ్వర్ వెళ్ళాం. "సరయూ నదిలో మునిగి మీ పేరు చెప్పుకొంటాం, అత్తయ్యా" అని మా ఆవిడ ఆమెను ఒప్పించింది. అమ్మను తమ్ముడింట్లో దింపి రైలెక్కాం.

కాఠ్‌గోదాం దాకా రైలు. అక్కడినుంచి అల్మోడా మీదుగా రోజంతా మలుపులు. ఆ మలుపుల్లో మా ఆవిడ పడిన అవస్థ వర్ణించను. ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

బాగేశ్వర్‌లో సరయూ, గోమతి కలుస్తాయి. ఒడ్డున బాగనాథుని గుడి. ఇది అయోధ్య సరయువేనా అని మా ఆవిడ అడిగింది. ఈ నీళ్ళు కాళీనదిలో పడి, ఆ కాళి ఘాఘరాలో కలిసి అయోధ్యకు చేరతాయి గనుక అవునన్నాను. తెల్లవారుజామున ఆ నీళ్ళలో మునిగి లేచేసరికి నాకు నా పేరే గుర్తు లేదు, ఇంక అమ్మ పేరేం చెప్పను!

అక్కడ సంక్రాంతిని ఉత్తరాయణి అంటారు. పిల్లలు పిండితో చేసిన పిట్టల దండలు మెడలో వేసుకొని కాకుల్ని పిలుస్తారు. 1921లో ఈ పండుగనాడే, ఊరివాళ్ళచేత కూలి లేకుండా దొరల సామాన్లు మోయించే 'కూలీ బేగార్' పద్దు పుస్తకాలను జనం ఈ సరయూలోనే విసిరేశారు. బద్రీదత్ పాండే ముందు నిలబడ్డాడు. ఆ ఒడ్డున నిలబడి నీళ్ళవంక కాసేపు చూస్తూ ఉండిపోయాను.

తిరునాళ్ళలో కంబళ్ళూ, ఇనప మూకుళ్ళూ దాటాక ఒక పెద్దామె గోనెపట్టామీద ఎండు దినుసులు పోసుకొని కూర్చుంది. వాటిలో ముడతలు పడిన గోధుమరంగు వేళ్ళు. మా ఆవిడ ఒకటి తీసి వాసన చూసి, "ఏమండీ, ఇది కొత్తిమీర కాడలా లేదూ?" అంది. నేనూ చూశాను. కొత్తిమీరా, వామూ కలిపి నూరి, పైన కాస్త చేదు చిలకరించినట్టుంది.

"గంద్రాయణ్" అంది పెద్దామె. "చోరా అని కూడా అంటారు. నేతిలో ఒక ముక్క వేయించి పప్పులో వెయ్యి, బేటా. మా కొండల్లో ఉలవపప్పుకి ఇదే పోపు. కడుపునొప్పికీ, అజీర్తికీ పొడిచేసి వేడినీళ్ళతో తాగుతాం."

ఉలవలు అనగానే మా ఆవిడ అక్కడే చతికిలబడింది. నాకు మాత్రం చెవిలో 'చోరా' అన్న మాట నిలిచిపోయింది. చోరకమంటే దొంగ! అమరకోశంలో దీనికి రాక్షసి, ధనహరి అని పేర్లున్నాయి. విద్యార్థులచేత వల్లె వేయించానే గాని ఆ రాక్షసి ముఖం ఎన్నడూ చూడలేదు. చమత్కారమేమంటే, ఐరోపావాళ్ళు దీని దాయాది మొక్కకు ఏంజెలికా, అంటే దేవదూత మొక్క, అని పేరు పెట్టారు. మహమ్మారికి మందుగా దీన్ని దేవదూతే చూపాడని వాళ్ళ కథ. చలిదేశాలైన నార్వే, ఐస్‌లాండ్‌లలో దాని కాడలు తింటారు. ఫ్రాన్సులో చక్కెరపాకం పట్టి మిఠాయి చేస్తారు. చైనాలో మరో దాయాది, దాంగ్ గ్వే, ఆడవాళ్ళ మందుల్లో పేరుపడ్డది.

మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడు తరువాత చెప్పాడు: ధనియాలు, జీలకర్ర, వాము, సోపు, ఇంగువ, కారెట్టు అన్నీ ఈ కుటుంబమేనట. గొడుగు ఊచల్లా విచ్చుకొన్న పూగుత్తి వీళ్ళ ఇంటి గుర్తు. సోక్రటీసు తాగిన విషం మొక్క కూడా ఈ ఇంటిదే. అందుకే గొడుగుపూవు కనబడగానే ఏరుకొని తినరాదన్నాడు.

పెద్దామెది మున్‌స్యారీ పైన జోహార్ లోయ. 1962కు ముందు వాళ్ళ పెద్దలు ధాన్యం, బెల్లం తీసికొని టిబెట్టు వెళ్ళి ఉప్పు, ఉన్ని తెచ్చేవాళ్ళట. యుద్ధంతో కనుమలు మూసుకొన్నాయి, పై ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఇప్పుడీ వేళ్ళే మిగిలాయంది. వేరు తవ్వితే మొక్క పోతుంది. మళ్ళీ పెరిగి వేరు ఊరడానికి రెండు మూడేళ్ళు. అడవుల్లో తవ్వి తవ్వి కరువు చేశారు. ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఇప్పుడు దీని పేరుంది.

"ఇది అడవిది కాదు, మా పొలంలో వేసింది" అంది ఆమె, నా ముఖం చూసి. అక్కడివాళ్ళు పెరళ్ళలో, పొలాల్లో దీన్ని పెంచే మాట నిజమే. ఇది ఆ పెరటిదేనా? నమ్మాను. నమ్మడం నాకూ సౌకర్యంగానే ఉంది, ఎందుకంటే ఆ వేరు నాకు కావాలి.

సంగతేమంటే, గుండెజబ్బునుంచి కోలుకొన్నాక అమ్మకు అన్నం సయించడం మానేసింది. వాము, శొంఠి, జీలకర్ర కషాయం అన్నీ అయ్యాయి. కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. కుటుంబంలో మిగిలిన ఈ ఒక్క చుట్టాన్నీ పిలిచి చూద్దామనిపించింది.

ఇంటికొచ్చి పొట్లం విప్పబోతూ, ఎందుకో అనుమానమొచ్చి డాక్టరుగారిని అడిగాను. ఆయన అమ్మ మందుచీటీ చూశారు. రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతోంది. చైనా ఏంజెలికాతో అలాంటి మాత్రల ప్రభావం పెరిగిన దాఖలా ఉందనీ, దాయాదిని మాత్రం నమ్మడమెందుకనీ, వద్దే వద్దనీ అన్నారు.

వేయి మైళ్ళు మోసుకొచ్చిన వేరు! అమ్మకు నిజం చెప్పేశాను. ఆమె వేరుముక్క అందుకొని ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు ఉంది.

"ఒరే, ఇది మన కొత్తిమీర చుట్టమేరా. అరుగుమీద కట్టలు దులుపుతుంటే మా అమ్మ చేతులు ఇలాగే వాసన వేసేవి" అంది.

దాన్ని పోపులపెట్టెలో ఒక గిన్నెలో వేయించింది. కోడలు తిరునాళ్ళ కబుర్లు చెబుతుంటే ఉలవల మాట దగ్గర ఆపి, "రేపు ఉలవచారు పెట్టవే" అంది. మర్నాడు ఆ చారు రెండుసార్లు పోయించుకొంది. అందులో వేసింది మాత్రం మన జీలకర్ర పోపే.