నీళ్లలో ఒక బుడగ

మా ఛోటే ఏం చేస్తాడని ఎవరన్నా అడిగితే అమ్మీ "కార్ల కంపెనీల నౌకరీ" అని ఫఖ్ర్‌గా చెబుతుంది. నిజానికి వాడు చేసేది కారు కాదు. ఇంజను బరువు మోస్తూ, దాని వణుకు సీట్ల దాకా రాకుండా ఆపే రబ్బరు మౌంటు.

మొన్న ఈద్‌కి ఇంటికొచ్చినప్పుడు కూర్చోబెట్టి వివరించాడు. అతికించే మందు పూసిన లోహానికి, అచ్చులో వేడితో, ఒత్తిడితో మందపాటి రబ్బరును పట్టిస్తారు. అది పైభాగం. కింద పల్చటి రబ్బరు పొర. నడుమ ఒక పళ్లెం, దాని చుట్టూ సన్నటి కాలువ. లోపలంతా గ్లైకాల్ కలిపిన నీళ్లు, చలికి గడ్డకట్టకుండా. బండి గుంటలో పడి ఇంజను ఊగితే ఆ నీళ్లు కాలువ గుండా కిందికీ పైకీ పరుగెత్తుతాయి. ఆ ఇరుకు దారిలోనే ఊపు చచ్చిపోతుంది.

"లోపల గాలి ఉంటే మాత్రం అంతా బేకార్ భాయిజాన్. గాలి నలిగిపోతది, నీళ్లు కాలువలకు పోవు."

అందుకే వాళ్ల దగ్గర భాగాలన్నీ ఆ నీళ్ల తొట్టిలో ముంచి, అటూ ఇటూ వంచి బుడగలు పోగొట్టి, మునిగి ఉండగానే జోడిస్తారు. అంచు మడిచి బిగించాక ఇక లోపలేముందో కంటికి కనపడదు.

రంజాన్‌లో ఒక రాత్రి. సెహ్రీ వక్త్ దగ్గర పడుతోంది, టార్గెట్ ఇంకా మిగిలే ఉంది. ఒక పీసును సరిగ్గా వంచకుండానే బిగించేశాడు. అది ట్రేలో మిగతావాటితో కలిసిపోయింది. అక్కడ అన్నిటినీ టెస్టుకి పెట్టరు, కొన్నిటినే. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఫజర్ నమాజులో దిల్ నిలవలేదట. వెళ్లి లైన్ ఇన్‌ఛార్జికి చెప్పేశాడు. ట్రే మొత్తం టెస్టుకి పెడితే ఒకటి ఫెయిలైంది. ఆ నెల ఇన్సెంటివ్ కట్. వాడిది కాంట్రాక్టు నౌకరీ. ఈద్ బట్టలు ఆ పైసలతోనే కొనాలనుకున్నాడు.

నాకు గుస్సా వచ్చింది. "ఎవరి ప్రాణమన్నా పోయేదా? బండి కొంచెం వణికేది, అంతే కదరా!"

"ఎవరి బండో తెల్వదు కదా భాయిజాన్. అందుల కడుపుతోని ఉన్నామె కూసుంటదేమో, ఆపరేషనైన ముసలాయన కూసుంటడేమో."

అమ్మీ వంటింట్లోంచి ఒకటే మాట అంది: "అమానత్ హై బేటా."

నేను నోరు మూసుకున్నాను. డెడ్‌లైన్ తరుముతుంటే, ఒక్క ఫోన్ చేసి పక్కా చేసుకోవాల్సిన సంగతిని అలాగే పంపేసిన రాత్రులు నాకూ ఉన్నాయి. అచ్చయ్యాక దాని లోపల గాలుందో లేదో ఎవరు చూస్తారని? నేనెప్పుడూ వెనక్కి వెళ్లి చెప్పలేదు.

ఈద్ రోజు వాడు పోయినేటి కుర్తాలోనే ఈద్‌గాహ్‌కి వచ్చాడు. సఫ్‌లో వాడి పక్కన నిలబడ్డాను. కొత్త షేర్వానీ వేసుకున్నందుకు నాకే షరమ్‌గా అనిపించింది.