కన్నీటి ప్రార్థన వ్యర్థము కాదు



ప్రార్థన విన్నపములు చెప్పమన్నప్పుడు మన సంఘములలో తరచుగా వినబడే మాట, "మా అబ్బాయి దారి తప్పాడు, ప్రార్థించండి" అన్నది. ఏళ్ల తరబడి అదే విన్నపము చెప్పి అలసిపోయిన తల్లులు మన మధ్య ఉన్నారు. భక్తురాలైన మోనికా జీవితము వారికి ఎంతో ఆదరణ.

మోనికా ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా దేశములోనున్న తగాస్తే పట్టణమున నివసించింది. ఆమె కుమారుడు అగస్టీను క్రీ.శ. 354లో పుట్టాడు. చదువులో దిట్ట. పై చదువుకని కార్తేజీ నగరమునకు వెళ్లి అక్కడ పెండ్లి లేకుండానే ఒక స్త్రీతో కాపురము పెట్టాడు. పంతొమ్మిదవ ఏట మానీ అనువాని దుర్బోధలో చేరాడు.

మొదట మోనికా అతనిని తన ఇంట ఉండనివ్వలేదు, తన బల్లయొద్ద భోజనము చేయనివ్వలేదు. కాని అతడు తాను నిలిచిన చోటనే నిలిచియున్నట్లు ఒక కల వచ్చింది. అప్పుడామె తలుపు తెరిచింది. కుమారుని పాపమును ఒప్పుకోలేదు, కుమారుని మాత్రము వదులుకోలేదు. ఇది మనము నేర్చుకొనవలసిన మొదటి పాఠము. మన బిడ్డ తిరిగి రావాలని ప్రార్థిస్తూ గుమ్మమునకు గడియ పెట్టుకొనవచ్చునా?

ఆమె ఒక బిషప్పుగారియొద్దకు వెళ్లి, తన కుమారునితో వాదించి మార్చమని బతిమాలింది. అతడిప్పుడు వినే స్థితిలో లేడు, వదిలిపెట్టి ప్రార్థించమని ఆయన చెప్పాడు. ఆమె ఏడుపు మానలేదు. ఇన్ని కన్నీళ్లు కార్చిన తల్లి కొడుకు నశించడని చెప్పి ఆయన ఆమెను పంపివేశాడు. అన్నము పెట్టిన ప్రతిసారీ బుద్ధి చెప్పబోయే మనకు ఇది రెండవ పాఠము.

క్రీ.శ. 383లో అగస్టీను రోమాకు ప్రయాణమయ్యాడు. వెళ్లవద్దని తల్లి సముద్రతీరమున అతనిని పట్టుకొని ఏడ్చింది. స్నేహితుని సాగనంపుతున్నానని అబద్ధము చెప్పి, ఆమె దగ్గరలోని ప్రార్థనా స్థలమున రాత్రి గడుపుచుండగా అతడు ఓడ ఎక్కాడు. తెల్లవారేసరికి ఓడ లేదు. వెళ్లనివ్వవద్దని కదా ఆమె దేవుని వేడుకొన్నది!

కాని ఇటలీ దేశములోని మిలాను నగరములోనే అగస్టీను అంబ్రోసుగారి ప్రసంగములు విన్నాడు. తల్లి సముద్రము దాటి అక్కడికే చేరింది. 386లో అతని మనస్సు ప్రభువు వైపు తిరిగింది, వెంటనే లోపలికి వెళ్లి తల్లికి చెప్పాడు. 387 ఈస్టరు పండుగకు బాప్తిస్మము పొందాడు. ఆ ఒక్క రాత్రి అడిగినది దేవుడు ఇవ్వలేదు, ఏళ్ల తరబడి అడిగినది ఇచ్చాడు. ఇది మూడవ పాఠము. మనము విన్నపము చేయవచ్చును గాని, ఏ దారిన నడిపించాలో దేవునికి చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరము, స్వదేశమునకు తిరుగు ప్రయాణములో, ఓస్తియా రేవులో మోనికా తన 56వ ఏట ప్రభువునందు నిద్రించింది. భర్త సమాధి ప్రక్కనే తనకు చోటు ఉంచుకొన్నప్పటికీ, ఎక్కడ పాతిపెట్టినా పర్వాలేదన్నది. దేవునికి ఏ చోటూ దూరము కాదని ఆమె నమ్మకము.

మన పిల్లలున్న చోటు కూడా ఆయనకు దూరము కాదు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో వారిని పేరు పేరున జ్ఞాపకము చేసుకొందాము. విసుగక ప్రార్థించే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.