గ్యోటింగెన్ గోడల మీది పేర్లు

జర్మనీ నడిబొడ్డున, లైన నది ఒడ్డున ఉన్న గ్యోటింగెన్ పట్టణాన్ని చూడడానికి వాహనంతో పనిలేదు. రైలు దిగి తూర్పుగా నడిస్తే పావుగంటలో పాత పురమందిరం ముందున్న చౌకు చేరవచ్చు. అక్కడి ఫౌంటెన్ మీద బాతుల కాపరి పిల్ల విగ్రహాన్ని 1901లో నిలిపారు. కొత్తగా డాక్టరేటు పొందినవారు పైకెక్కి ఆ కంచుపిల్లను ముద్దాడడం ఆచారం. 1926లో పురపాలకులు దీనిని నిషేధించారు. ఆచారం మాత్రం ఆగలేదు. విద్యార్థుల ఊళ్ళో ఉత్తర్వులకు అంతకన్న మన్నన ఆశించరాదు కాబోలు.

ఊరిని చుట్టి ఒకనాటి కోటకట్ట ఉంది. రక్షణకోసం వేసిన ఆ మట్టికట్ట ఇప్పుడు చెట్లనీడన సాగే నడకదారి. దానిమీద గంటలో ఊరంతా చుట్టిరావచ్చు. లోపలి వీధుల్లో మాత్రం అడుగు అంత చురుకుగా పడదు. ఏ పండితుడు, ఏ విద్యార్థి ఏ ఇంట ఏయే సంవత్సరాల్లో నివసించాడో తెలిపే పలకలను 1874 నుంచి గోడలకు అమరుస్తూ వచ్చారు. ఈ ఊరిని తన రచనలో తీరికగా ఎగతాళి చేసిన హైనే కవికీ పలక దక్కింది.

శాసనాలు చదివే అలవాటున్న భారతీయుడికి ఇక్కడ ముందుగా గుర్తుకు వచ్చే పేరు ఫ్రాంట్స్ కీల్‌హార్న్. పుణే దక్కన్ కళాశాలలో సంస్కృతం బోధించి, పతంజలి మహాభాష్యాన్ని పరిష్కరించిన ఆ పండితుడు 1908లో మరణించేదాకా ఇక్కడ ఆచార్యుడిగా ఉన్నారు. రెండవ పులకేశి ఐహోళె శాసనాన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించిందీ, వేంగీ చాళుక్యుల శాసనాలతో సహా దక్షిణాది శాసనాల పట్టికను కూర్చిందీ ఈ ఊరి ఆచార్యుడిగా ఉన్న కాలంలోనే. ఆంధ్రదేశ చరిత్ర విద్యార్థులు ఆ పట్టికకు ఎంతో ఋణపడి ఉన్నారు.

కట్టమీది దారిలో గౌస్, వెబర్‌ల జంట విగ్రహం ఎదురవుతుంది. గౌస్ కూర్చుని ఉంటారు, వెబర్ నిలబడి ఉంటారు. 1837లో హనోవర్ రాజు ఎర్న్‌స్ట్ ఔగుస్ట్, 1833 నాటి రాజ్యాంగాన్ని రద్దుచేసి, ఉద్యోగులు దానిపై చేసిన ప్రమాణం ఇక చెల్లదన్నాడు. ఆ ప్రమాణం తమను ఇంకా బంధిస్తూనే ఉందని ఏడుగురు ఆచార్యులు లిఖితపూర్వకంగా తెలియజేశారు. కథల సంకలనకర్తలైన గ్రిమ్ సోదరులు, వెబర్, గౌస్ అల్లుడు ఎవాల్డ్ వారిలో ఉన్నారు. గౌస్ సంతకం చేయలేదు. డిసెంబరులో ఏడుగురినీ కొలువునుంచి తొలగించారు. డాల్‌మన్, యాకోబ్ గ్రిమ్, గెర్వినూస్‌లు మూడు రోజుల్లో రాజ్యం విడిచి వెళ్ళవలసి వచ్చింది. సంతకం చేసినవాడినీ చేయనివాడినీ కంచులో ఒకేచోట నిలపడం లోకరీతి.

కట్ట దిగి దక్షిణంగా కొద్ది దూరం వెళితే బున్సెన్ వీధి. 1925లో క్వాంటం యాంత్రికశాస్త్రం రూపుదిద్దుకున్నది ఈ వీధి భౌతికశాస్త్ర భవనాల్లోనే. 1933 ఏప్రిల్ 7న నాజీ ప్రభుత్వం సివిల్ సర్వీసు ‘పునరుద్ధరణ’ పేరిట చట్టం చేసింది. యూదులైన మాక్స్ బోర్న్, రిచర్డ్ కూరంట్, ఎమీ నోయెథర్‌లు పదవులు కోల్పోయారు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడినందువల్ల జేమ్స్ ఫ్రాంక్‌కు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది. అయినా ఆయన రాజీనామా చేసి, కారణాన్ని బహిరంగంగా ప్రకటించారు. అప్పుడు కూడా గ్యోటింగెన్ అధ్యాపకులు ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. సంతకాలు నలభై రెండు. ఖండించింది ఫ్రాంక్ రాజీనామాను. మరుసటి ఏడాది ఆగస్టులో ఉద్యోగుల ప్రమాణం రాజ్యాంగం పేరిట కాక హిట్లర్ పేరిట చేయాలని శాసనం వచ్చింది. ఏడుగురి కథ తెలియని వారెవరూ ఆ విశ్వవిద్యాలయంలో ఉండి ఉండరు.

బోర్న్‌ను సి.వి. రామన్ బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు ఆహ్వానించారు. 1935-36లో ఆయన అక్కడ కొన్ని నెలలు గడిపారు. స్థిరమైన పదవి కల్పించాలన్న రామన్ ప్రయత్నం ఫలించక, ఆయన ఎడింబరో చేరారు. అందుకు నష్టపోయింది మన దేశమే.

రైలుమార్గానికి పడమరనున్న పుర శ్మశానవాటికకు కూడా నడిచే వెళ్ళవచ్చు. మాక్స్ ప్లాంక్, హిల్బర్ట్, ఓటో హాన్‌ల సమాధులు అక్కడే ఉన్నాయి. 1953లో పురపాలక సంఘం బోర్న్, ఫ్రాంక్, కూరంట్‌లకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. మరుసటి ఏడాది జర్మనీకి తిరిగివచ్చిన బోర్న్ 1970లో మరణించగా ఈ శ్మశానంలోనే ఖననం చేశారు. ఆయన కనుగొన్న సూత్రాన్ని రాతిమీద చెక్కారు. ఫ్రాంక్ 1964లో ఈ ఊరు చూడవచ్చి ఇక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి షికాగోలో ఉంది.